ఇంకా విచ్చని పువ్వుకు ముడి

మల్లె విచ్చుకునేది పొద్దు గూకాక. మాల కట్టేది పొద్దున్నే, ఇంకా మొగ్గగా ఉండగానే. మధ్యలో ఉన్న ఆ కొన్ని గంటల ఎడమే తుని, అన్నవరం, కడియం వైపు పూలు కట్టేవాళ్ళ విద్యకి అసలు పరీక్ష. మొగ్గ బిగువుగా, సన్నగా ఉంటుంది. రాత్రికి అదే మూడింతల చోటు అడుగుతుంది. పొద్దున్న ముచ్చటగా కనపడాలని ఒత్తుగా బిగించి కడితే, విచ్చుకునే వేళకి రేకులు ఒకదాన్నొకటి తోసుకుని నలిగిపోతాయి. రాత్రి సంగతి తలుచుకుని ఎడంగా కడితే, బేరానికొచ్చినావిడ మూర మాల చేత్తో ఎత్తి చూసి, "ఏంటమ్మా, నార తప్ప పూలేవీ ఇందులో?" అంటుంది. పొద్దున్న కొనే మనిషినీ రాత్రి చూసే మనిషినీ ఒక్క ముడితో ఒప్పించాలి. ఆ ముడి గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఈ పని నిండుగా కనపడేది వైశాఖంలో, అన్నవరంలో. తుని నుంచి 20 కిలోమీటర్ల లోపే. మా తునిలో అప్పుడు మామిడికాయల లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరి ఉంటాయి. వాటిని తప్పించుకుని జాతీయ రహదారి ఎక్కితే కాసేపట్లో సత్యదేవుడి కొండ రత్నగిరి కనపడుతుంది. వైశాఖ శుద్ధ దశమికి సత్యదేవుడి కల్యాణోత్సవాలు మొదలవుతాయి. ఏకాదశి రాత్రి కల్యాణం. కొండకి క్షేత్రపాలకులు సీతారాములు కాబట్టి వాళ్ళే పెళ్ళిపెద్దలు. దేవుడి పెళ్ళికి దేవుణ్ణే పెద్దగా కూర్చోబెట్టడం మన గోదారి మర్యాద. చివరికి బహుళ పాడ్యమి రాత్రి శ్రీపుష్పయాగంతో ఉత్సవాలు ముగుస్తాయి.

పుష్పయాగం అన్నవరానికే ప్రత్యేకం కాదు. ఉత్సవాల్లో తెలిసో తెలియకో జరిగిన లోపాలకి పూలతో చేసే పరిహారంగా వైష్ణవాలయాల్లో ఇది ఉంది. తిరుమలలో మధ్యలో ఆగిపోయినదాన్ని 1980లో మళ్ళీ మొదలుపెట్టారు, అక్కడ అది కార్తికంలో జరుగుతుంది. కార్తికం పూలకి చల్లని కాలం, ఏ పువ్వు తెచ్చినా సాయంత్రం దాకా నిలుస్తుంది. అన్నవరంవారికి పడింది వైశాఖపు ఎండ. మధ్యాహ్నం కొండ రాళ్ళ మీద కాలు పెట్టలేని రోజుల్లో, రాత్రికి వాడకుండా పూలు సిద్ధం చెయ్యాలి. అందుకే పనితనం చూడదలచినవాళ్ళకి నేను అన్నవరమే చెబుతాను.

ముడి దగ్గరికి వద్దాం. తుని బజారులో పూలు కట్టే ఒక పెద్దావిడ దగ్గర చాలాసేపు నిలబడి చూశాను. ఆవిడ పీట మీద కూర్చుంటుంది. నార ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుంటుంది. ఎడమ పక్క తడిగుడ్డ కప్పిన మొగ్గల గంప, కుడి పక్క నీళ్ళ చెంబులో నానుతున్న నార. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, కాడలు ఎదురెదురుగా పెట్టి, ఎడమ చేతి బొటనవేలితో నొక్కి పట్టి, కుడి చేత్తో నార ఒక చుట్టు తిప్పుతుంది. ఆ తర్వాత జరిగేది కళ్ళకి అందదు. చూపుడువేలి మీద నార మెలిపడి ఉచ్చవుతుంది, ఆ ఉచ్చు కాడల మీదుగా జారుతుంది, ఒక్క లాగు. అప్పటికే తర్వాతి నాలుగు మొగ్గలూ వేళ్ళ మధ్యకి వచ్చేసి ఉంటాయి. కుడి చెయ్యి గంపలోకి వెళ్ళినప్పుడు ఆవిడ చూపు వెళ్ళదు. లావు మొగ్గనీ సన్న మొగ్గనీ వేళ్ళే ఏరుకుంటాయి, లావుదానికి పక్కన సన్నదాన్ని జత చేస్తాయి.

ఆ లాగడంలోనే ఉంది విద్య. మల్లె కాడ కాస్త మొండిది, గట్టిగా లాగినా ఓర్చుకుంటుంది. సన్నజాజి కాడ ఓర్చుకోదు. కనకాంబరం మరీ సుకుమారం, దాని గొట్టం దారమంత సన్నం, అందుకే నాలుగుకు బదులు గుప్పెడు కాడలు కలిపి ఒకదానికొకటి దన్నుగా కడతారు. ఒకే మాలలో మూడూ వస్తే చెయ్యి మూడు రకాల బలం మార్చుకోవాలి, వేగం తగ్గకూడదు. "ఎంత లాగాలో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను. తలెత్తకుండానే, "నార చెప్తదండి. కాడ చెప్పేదాకా ఆగితే తెగిపోద్ది" అంది. మధ్యమధ్య మరువం రెమ్మ, దవనం రెమ్మ వేస్తుంది. వాసనకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. జాగ్రత్తగా చూస్తే అవి పడేది మొగ్గలు లావుగా ఉన్నచోట. ఆకు మెత్తన కాబట్టి పువ్వు విచ్చుకునేటప్పుడు అది నలిగి చోటిస్తుంది. వాసన పైలాభం.

నార సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సగం ఘనత దానిదే. అరటి బోదె పై పట్టలు ఎండబెట్టి, గోటితో సన్నగా చీల్చి, నానబెడితే పూలనార సిద్ధం. రావులపాలెం అరటి మార్కెట్ ఉన్న సీమలో దానికి కరువేముంది. దారం గుండ్రంగా, సన్నంగా ఉంటుంది కాబట్టి బిగిస్తే కాడని కోసేస్తుంది. నార పలచని పట్టీలా కాడల చుట్టూ పరుచుకుని పట్టుకుంటుంది. తడి నిలుపుకుంటుంది, ఆ చెమ్మ పువ్వుకి అందుతుంది. ఈమధ్య నూలుదారం, ప్లాస్టిక్ దారం చాలా కనిపిస్తున్నాయి. రీలు కొనుక్కుంటే చాలు, నానబెట్టే పని లేదు, తెగదు, వేగంగా సాగుతుంది. కట్టేవాళ్ళని తప్పుపట్టలేం, మూరకి ఇంత అని కూలి పడేచోట వేగమే అన్నం. కానీ దారంతో కట్టిన మల్లెమాల రాత్రి ఎనిమిదింటికి కాడల దగ్గర గోధుమరంగు తిరగడం, నార మాల ఇంకా తెల్లగా ఉండడం పక్కపక్కన పెట్టి చూడండి. నేను నార పక్షమే.

అన్ని పూలకీ ముడి పనికిరాదు. బంతికి సూది కావాలి. కాడ తుంచేసి, కింది ఆకుపచ్చ తొడిమ నడిమి నుంచి సూది పెడితే పువ్వు గుండెలోంచి నేరుగా పైకి రావాలి. ఏ కొంచెం పక్కకి పోయినా పువ్వు ఒరుగుతుంది, ఒరిగిన ఒక్క పువ్వు సరం మొత్తాన్ని మెలి తిప్పుతుంది. మండపం అలంకరణకి ఇలాంటి సరాలు వందలు వేలాడదీస్తారు. ఇక్కడ ఇంకో లెక్క ఉంది. వేలాడదీశాక నీళ్ళు చల్లుతారు, తడిసిన సరం బరువెక్కి కిందికి సాగుతుంది. అది తెలిసిన పనివాడు నాలుగు వేళ్ళు పొట్టిగా కడతాడు. తెలియనివాడి సరాలు సాయంత్రానికి ఎగుడుదిగుడుగా వేలాడుతుంటాయి, భక్తుల తలలకి తగులుతుంటాయి. గజమాలది మరో దారి. నడుమ లావుపాటి తాడు, దాని చుట్టూ పూలగుత్తులు వరసలు వరసలుగా కట్టుకుంటూ పోవాలి, ప్రతి వరసా కింది వరస కాడల్ని కప్పేయాలి. పూర్తయ్యాక ఎక్కడా నార కనపడకూడదు. ఇద్దరు మనుషులు ఎత్తి పట్టుకున్నా ఎక్కడా విరగకూడదు, మెడ దగ్గర వంపు తిరగాలి.

ఈ పూలు వచ్చేది చాలావరకు కడియపులంక నుంచి. తుని నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు, ఈ ఊళ్ళన్నీ కలిసి దేశానికే మొక్కలు పంపే నర్సరీల సీమ. రోడ్డు పక్కన పూల మార్కెట్ తెల్లవారకముందే లేస్తుంది. లంకల్లోంచి మల్లె, లిల్లీ, కనకాంబరం బుట్టల్లో వస్తాయి. చామంతి మన వైపు చలికాలపు పంట, వైశాఖంలో కావాలంటే కర్ణాటక వైపు నుంచి రావాల్సిందే. ముహూర్తాలున్న రోజున ఉన్న ధర మర్నాటికి ఉండదు. కల్యాణాల వారంలో కిలో మల్లెల ధర అడిగి జవాబు విని నవ్వుకుని వెనక్కి వచ్చేవాళ్ళే ఎక్కువ.

అదే మార్కెట్లో ఒక మూల, కాగితం చుట్టి కట్టలుగా నిలబెట్టిన పొడుగు కాడల గులాబీలు ఉంటాయి. వాసన లేదు, ముళ్ళు గీకేసి ఉంటాయి, వారం రోజులైనా అలాగే సగం విచ్చి ఉంటాయి. పెళ్ళిపందిళ్ళవాళ్ళు వాటిని డచ్ గులాబీలంటారు, పెరిగేది మాత్రం హోసూరు, బెంగళూరు వైపు పాలీహౌసుల్లో. ఆ కట్టలు చూసినప్పుడల్లా నాకు కాకినాడ గుర్తొస్తుంది. అసలు డచ్చివాళ్ళు మన గోదావరి తీరంలో కాపురమున్నవాళ్ళే కదా.

ఉప్పుటేరు దాటి జగన్నాథపురంలోకి అడుగుపెడితే ఇప్పుడు అది కాకినాడలో ఒక రద్దీ పేట. 1734 నుంచి అది డచ్ కంపెనీ స్థావరం. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు లాక్కోవడం, ఒడంబడికల ప్రకారం తిరిగి ఇవ్వడం జరిగాయి. 1824 ఒప్పందం తర్వాత, 1825లో జగన్నాథపురం, పాలకొల్లు, భీమునిపట్నం ఇంగ్లీషువారికి వెళ్ళిపోయాయి. అంతకుముందు 17వ శతాబ్దంలో ద్రాక్షారామంలోనూ వాళ్ళకి కోఠీ ఉండేది. ఇంకా వెనక్కి వెళితే మచిలీపట్నం. అక్కడ ఇప్పటికీ వలందపాలెం ఉంది, డచ్చివారి సమాధులున్నాయి. భీమిలిలోనూ ఉన్నాయి. జగన్నాథపురం వెళ్ళే యాత్రికుడికి మాత్రం డచ్చివారి గుర్తులేవీ ఎదురుపడవు. ఎదురుపడేది సాయంత్రం వంతెన దగ్గర మల్లెలమ్మే తోపుడుబళ్ళు.

వాళ్ళు మన తీరానికి వచ్చింది బట్ట కోసం. అందులో మనం ఎక్కువగా తలుచుకోని సంగతి ఒకటుంది, వాళ్ళు కొన్నదాంట్లో పూలు చాలా ఉన్నాయి. కోరమాండల్ తీరపు అద్దకం బట్టల మీద తీగలు, మొగ్గలు, ఏ చెట్టుకీ పుయ్యని వింత పూలు. కరక్కాయ నీళ్ళలో, పాలల్లో నానబెట్టి, పటిక పూసి, చిరివేరు ఎరుపులో ఉడకబెట్టిన పూలవి. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని పువ్వు ఐరోపా అప్పటిదాకా చూడలేదు. నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో హిండలోపెన్ అనే ఓడరేవు పట్నంలో ఆడవాళ్ళు ఈ బట్టతో పొడుగు అంగీలు కుట్టించుకున్నారు. లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో అలాంటివి దాచి ఉంచారు. వాడని పువ్వు మీద వాళ్ళకి ఆనాటి నుంచే మోజు.

ఇప్పుడు వాళ్ళ దేశంలో వసంతం ఎలా చేస్తారో చెబితే ఆ మోజు ఎంత దూరం వెళ్ళిందో తెలుస్తుంది. లిస్సె ఊళ్ళో క్యూకెన్‌హాఫ్ తోటని 1950లో జనానికి తెరిచారు. 32 హెక్టార్లు, ఏటా దాదాపు 70 లక్షల దుంపలు. మార్చి నడుమ నుంచి మే నడుమ దాకా ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది. ఒక్కో ట్యులిప్ మహా అయితే కొద్ది రోజులు నిలుస్తుంది, ఎనిమిది వారాలు తోట నిండుగా కనపడాలి. దానికి తోటమాలులు కనిపెట్టిన ఉపాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. చలికి ముందే మట్టిలో దుంపల్ని అరలు అరలుగా పాతుతారు. అన్నిటికన్నా ఆలస్యంగా పూసేవి అడుగున, ముందు పూసేవి పైన. పై అర వాడే వేళకి కింది అర తల ఎత్తుతుంది. శరదృతువులో పారతో నేల తవ్వుతున్న మనిషి మే నెల మొదటి వారాన్ని లెక్కేస్తున్నాడన్నమాట. పొద్దున్న మొగ్గ కట్టే మా తుని ఆవిడ రాత్రిని లెక్కేసినట్టే. ట్యులిప్ దుంప పుయ్యాలంటే మూడు నెలల పైగా గట్టి చలి తినాలి. తునిలో అది జన్మకి జరగదు, కశ్మీరంలో జరుగుతుంది, శ్రీనగర్‌లో 2007లో పెట్టిన తోట అందుకే నిలిచింది.

నెదర్లాండ్స్‌లో పూల ఊరేగింపు కూడా ఉంది. నూర్డ్‌వైక్ నుంచి హార్లెమ్ దాకా 40 కిలోమీటర్ల పైన, వాహనాల మీద పూలతో కట్టిన పెద్ద పెద్ద బొమ్మలు. వాటికి వాడే ముఖ్యమైన పువ్వు హయసింత్. ఆ కంకి నుంచి ఒక్కొక్క చిన్న పువ్వునీ విడదీసి, గుండుసూదితో బొమ్మ ఒంటికి గుచ్చుతారు. బొమ్మకి లక్షల పూలు పడతాయి. ఊరంతా కూర్చుని రాత్రింబగళ్ళు గుచ్చితే గాని కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే ఊరుంది, 1847లో వలసవెళ్ళిన డచ్చివాళ్ళు కట్టుకున్నది. 1927లో ఒక బయాలజీ టీచరమ్మ ఇచ్చిన సలహాతో ట్యులిప్పులు నాటారు, 1929 నుంచి మే నెల పండగ. మన తెలుగు పిల్లలు డెట్రాయిట్ నుంచి వారాంతంలో కారేసుకు వెళ్ళి ఫోటోలు పంపుతుంటారు. చెక్కచెప్పులు తొడుక్కుని ఊరంతా ముందు వీధులు కడుగుతారట, ఆ తర్వాతే పండగ. కళ్ళాపి లేనిదే పండగ మొదలవదని మనకొకరు చెప్పాలా.

ఆ ఊరేగింపు బొమ్మల సూది పనికీ మన నార పనికీ పోటీ పెడితే న్యాయంగా చెప్పాల్సిందేమిటంటే, బొమ్మ గీయాలంటే సూదిదే గెలుపు. గుచ్చినది కదలదు, రంగు పక్కన రంగు పడుతుంది, దూరం నుంచి చూస్తే నెమలి నెమలిలాగే ఉంటుంది. నారతో నెమలి కట్టలేం. ఆ కోరిక మన కడియంవాళ్ళకీ ఉంది, వాళ్ళు సూది మాటెత్తకుండా కుండీలు పేర్చి తీర్చుకున్నారు. కొత్త సంవత్సరానికో, గణతంత్ర దినానికో రంగురంగుల మొక్కల కుండీలు నేల మీద పరిచి అక్షరాలు, బొమ్మలు చేస్తారు. అందులో పువ్వు తెంపడం కూడా ఉండదు. అయితే గుచ్చిన పువ్వు గుచ్చిన క్షణంలో ఎలా ఉందో అలాగే ఉండాలి, మారితే బొమ్మ చెడుతుంది. కట్టిన పువ్వు మారాలి, మారకపోతే మాల పండదు. నాకు ఈ రెండోదే ఎక్కువ కష్టమైన పని అనిపిస్తుంది.

ఆ కష్టం ఇంట్లో చూడాలంటే పూలజడ ఉంది. ఎండాకాలం మల్లెలు విరివిగా దొరికే రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఆడపిల్ల ఉన్న ఇల్లు ఏదీ దాన్ని తప్పించుకోలేదు. మధ్యాహ్నం పిల్లని కూర్చోబెట్టి, జడ అల్లి, సవరం జోడించి, జడ మీదే సూదితో మొగ్గలు కుడతారు. కొందరు ముందే అరటిపట్ట మీద కుట్టి, తర్వాత జడకి అతుకుతారు. అడ్డంగా మొగ్గల వరస, నడుమ కనకాంబరాల నలుపలక, మళ్ళీ మొగ్గలు, చివర జడగంటలు. మొగ్గల తలలన్నీ బయటికి, కాడలన్నీ నడుముకి రావాలి. పిల్ల కదులుతూనే ఉంటుంది, సూది గుచ్చుకుంటే గోలపెడుతుంది, పెద్దమ్మలు, పిన్నులు తలోవైపు పట్టుకుంటారు. ఒకప్పుడు కుట్టడం అయ్యాక స్టూడియోకి పరుగు. అద్దం ముందు నిలబెట్టేవారు, ముఖమూ జడా ఒకే ఫోటోలో రావాలి కదా. పాత ఇళ్ళ గోడల మీద ఆ ఫోటోలు ఇప్పటికీ ఉంటాయి. వాటిలో దాదాపు అన్నిట్లోనూ ఉన్నవి మొగ్గలే. ఫోటో సాయంత్రం లోపు తీసేవారు, జడ పూసేది రాత్రి భోజనాల వేళకి. ఆ పిల్ల మంచం మీద బోర్లా పడుకుంటే తప్ప పూసిన జడ ఎవరికీ సరిగ్గా కనపడదు.

అన్నవరం వెళ్ళేవాళ్ళకి ఒక మాట. పుష్పయాగం రాత్రి జరుగుతుంది కదా అని చాలామంది సాయంత్రం రైలుకి దిగుతారు. చూసేది జనం తలలూ, దూరాన దీపాలూ, పూలరాశి మధ్య ఉత్సవమూర్తులూ. తప్పేం లేదు, దర్శనం దర్శనమే. కానీ పనితనం చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్ళండి. తడిగోనెలు కప్పిన గంపలు కొండెక్కుతుంటాయి, నీడలో కూర్చుని కట్టేవాళ్ళుంటారు. గొట్టు ప్రశ్నలు వెయ్యకుండా పక్కన కూర్చుంటే కబుర్లు చెబుతారు, మీ చేతికి కూడా నాలుగు మొగ్గలిచ్చి ప్రయత్నించమంటారు. నార మాత్రం ముందుగా నానబెట్టిందే అడగండి, పొడినారతో మొదటి ముడికే కాడలు తెగుతాయి.